విద్యుత్ విమానం: మన పిల్లలకు ఆకాశం అందేనా?

హైదరాబాద్‌కు చెందిన బేకరీ కార్మికుని కుమార్తె సయ్యదా సల్వా ఫాతిమా 2013లో కమర్షియల్ పైలట్ లైసెన్స్ పొందారు. ప్రతిభ ఆమెదే. కాని దాతల చేయూత, ప్రభుత్వ సహాయం లేకుంటే ఆ కల తీరడం కష్టమయ్యేది. నేడు ఈ శిక్షణకు సాధారణంగా 50 లక్షల రూపాయల పైచిలుకే ఖర్చవుతోంది. బ్యాంకు రుణం తీసుకుందామంటే వడ్డీ. వడ్డీ హరామ్ అని నమ్మే కుటుంబానికి ఆ తలుపూ మూసుకుపోయినట్లే.

ఈ నేపథ్యంలో విద్యుత్ విమానాల విషయం మనం తెలుసుకోదగ్గది. స్లొవేనియాకు చెందిన పిపిస్ట్రెల్ సంస్థ తయారుచేసిన రెండు సీట్ల 'వెలిస్ ఎలక్ట్రో'ను 2020 జూన్‌లో యూరప్ విమానయాన భద్రతా సంస్థ ఆమోదించింది. పూర్తిగా విద్యుత్తుతో నడిచే విమానానికి ఇలాంటి ఆమోదం లభించడం ప్రపంచంలో అదే మొదలు. మన దేశంలోనూ బెంగుళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ 'ఈ-హంస' అనే శిక్షణ విమానాన్ని రూపొందిస్తున్నట్లు 2025 మే నెలలో కేంద్రమంత్రి జితేంద్ర సింగ్ ప్రకటించారు. దాని ధర సుమారు 2 కోట్ల రూపాయలని, దిగుమతి విమానాల ధరలో ఇది దాదాపు సగమని చెప్పారు.

ఖర్చు ఎలా తగ్గుతుంది? చిన్న శిక్షణ విమానాల్లో ఎక్కువగా వాడే ఏవ్‌గ్యాస్ ఖరీదైన ఇంధనం. కరెంటు దానికంటే చౌక. మోటారులో కదిలే భాగాలు తక్కువ కనుక మరమ్మతులూ తక్కువే. అయితే బ్యాటరీలను కొంతకాలానికి మార్చక తప్పదు. అవి చౌక కావు.

అసలు చిక్కు మరొకటుంది. ఒకసారి చార్జి చేస్తే వెలిస్ ఎగిరేది సుమారు 50 నిమిషాలే. మన దేశంలో లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి. అందులో 300 నాటికల్ మైళ్ళ, అంటే సుమారు 555 కిలోమీటర్ల దూరప్రయాణం ఒకటి చేయాలి. విమానం లేపడం, దింపడం నేర్చుకోవడానికి విద్యుత్ విమానం చాలు. దూరప్రయాణానికి ఇంధన విమానం కావలసిందే. శిక్షకుని జీతం, బీమా ఎలాగూ ఉంటాయి. కనుక ఫీజు కొంత తగ్గినా, పేదవాడికి అందేంతగా తగ్గుతుందని ఆశించలేం.

అందుకే కొత్త విమానం కోసం ఎదురుచూస్తూ కూర్చోరాదు. పెళ్ళి విందులకు లక్షలు వెచ్చించే మనం, ఆ సొమ్ములో కొంతైనా బైతుల్‌మాల్‌కు ఇచ్చి వడ్డీలేని విద్యారుణాలకు ఏర్పాటు చేయాలి. నలుగురు పూనుకుంటే, ఇన్షా అల్లాహ్, మరో కార్మికుని బిడ్డ కూడా కాక్‌పిట్‌లో కూర్చుంటుంది.