స్టేషన్ వచ్చింది.. తల ఎత్తండి!

మేడ్చల్‌లో సికింద్రాబాద్ ఎంఎంటీఎస్ ఎక్కినా, శామీర్‌పేటలో సిటీకి బస్సు పట్టుకున్నా కనిపించేది ఒక్కటే.. వంచిన తలలు, చేతుల్లో ఫోన్లు. దిగేసరికి కళ్ల మంట, తలనొప్పి. తప్పంతా నీలికాంతిదేనని, దాన్ని ఆపే కళ్లద్దాలు కొనేవారు ఎందరో! మామూలు అద్దాల కంటే వాటితో కంటి అలసట అదనంగా తగ్గకపోవచ్చని 2023 నాటి కాక్రేన్ సమీక్ష చెబుతోంది.

అసలు కారణం మన తీరులోనే ఉంది. మామూలుగా నిమిషానికి సుమారు 15 సార్లు రెప్ప వేసే మనం, తెర చూస్తున్నప్పుడు బాగా తగ్గించేస్తాం. దాంతో కన్నీటి పొర ఆరిపోతుంది. దగ్గరి చూపు కోసం కంటి లోపలి కండరం బిగుసుకునే ఉంటుంది. దీనికి మందు పైసా ఖర్చు లేనిదే. 20 నిమిషాలకోసారి, 20 అడుగుల అవతలికి, 20 సెకన్లు చూడండి. గడియారం అక్కర్లేదు. గుండ్లపోచంపల్లి, బొల్లారం, మల్కాజిగిరి.. స్టేషన్ వచ్చినప్పుడల్లా తల ఎత్తండి. బస్సులో అయితే తూంకుంట, హకీంపేట, అల్వాల్. అక్షరాల సైజు పెంచి, ఫోన్‌ను మూరెడు దూరంలో పట్టుకోండి.

నలభై దాటాక ఫోన్‌ను ఇంకా దూరం జరపాల్సి వస్తోందా? అది చత్వారం కావచ్చు. పరీక్ష చేయించుకుని అద్దాలు పెట్టుకోవడానికి నామోషీ వద్దు. మందుల షాపులో అడిగి చుక్కలు మాత్రం వేసుకోకండి. వాటిలో స్టెరాయిడ్ ఉంటే, దీర్ఘకాలం వాడితే గ్లకోమాతో చూపే పోవచ్చు. ఆ నష్టం తిరిగి పూడదు.