అల్లుడా, బోర్డు మీదున్న ఓపిక దేశం మీద ఎందుకు లేదు?

పోస్టు పొడుగైతది. మడికి నీళ్ళు పెట్టి గట్టు మీద కూసున్నోళ్ళు నిమ్మళంగ చదువుకోండి.

మా చెల్లె కొడుకు హైదరాబాద్‌ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కరోనా టైంల ఇంటి నుంచి పని అని ఏడాది దాక మా ఊర్లనే ఉండె, మీలో చాలా మందికి ఎరుకే. పొద్దంత కంపెనీ పని, రాత్రి సొంత పని. చిన్న చిన్న బోర్డులు తెప్పించుకొని, వైర్లు అతికించి, ప్రోగ్రాం రాసుకుంట కూసుంటడు. పైసలొచ్చే పని కాదు, సరదా. మనం చెరువుకు గాలం పట్టుకొని పోయినట్టు వాడు దాని మీద కూసుంటడు. ఇంకో సరదా రాజకీయం. పోయిన వారం మా చుట్టాల వాట్సాప్ గ్రూపుల పెద్ద రాత పెట్టిండు. ఉచిత కరెంటు దేశాన్ని ముంచుతదట. రైతు పన్ను కట్టడట. 2020 చట్టాలు రద్దయినంక దేశం వెనక్కి పోయిందట. ఢిల్లీ బార్డర్ల కూసున్నోళ్ళంత దళారులేనట. కింద మా చుట్టాలే వరుసబెట్టి దండం బొమ్మలు పెట్టిన్రు. అండ్ల ఎవుసం చేసేటోళ్ళు కూడ ఉన్నరు. నా కోపం వాని మీద ఎంతో, ఆ దండాల మీద అంత.

ముందుగాల వాని మంచి చెప్పాలె. నా బోరు స్టార్టర్‌కు వాడు ఒక డబ్బా చేసిండు. ఈఎస్‌పీ32 అనే బోర్డు, ఒక సిమ్ము, మోటార్ తీగకు ఆంపియర్లు కొలిచే రింగు. బోర్ల నీళ్ళున్నంతసేపు నా 5 హెచ్‌పీ మోటార్ 7, 8 ఆంపియర్లు గుంజుతది. నీళ్ళు తెగినయంటే లోడు తగ్గి ఆంపియర్లు పడిపోతయి. అది పసిగట్టి మోటార్ బంద్ చేసి, కొంతసేపు ఆగి మళ్ళ ఏస్తది. ఒక ఫేజు పోయినా బంద్ చేస్తది. ఇది ఒక్కరోజుల కాలేదు. భూమిల తడి చూసేటందుకు ముందు రెండు కాళ్ళ సెన్సార్ పాతిండు, నెల తిరగకముందే తుప్పు పట్టింది. వేరే రకం తెచ్చిండు. చెలకల సరిగ్గ చూపెట్టింది, నా రేగడి మడిల పెడితే తప్పు చూపెట్టింది. "మామా, రెండు భూములకు ఒకటే లెక్క పనిచేస్తలేదు" అని నోట్‌బుక్ పట్టుకొని పక్షం దినాలు రాసుకున్నడు. డబ్బాల బల్లి దూరింది, ఎలుక వైరు కొరికింది. చలిల స్టార్టర్ కాడ మంచమేసుకొని పండుకున్నడు. ఒక్కనాడు కూడ "రైతుదే తప్పు, నా ప్రోగ్రాం మంచిదే" అనలే.

అదే అడుగుతున్న. రెండెకరాల నా భూమికి ఒకటే లెక్క పనిచేయదని ఒప్పుకున్నోడివి, దేశమంతటికి ఒకటే మార్కెట్ చట్టం ఎట్ల పనిచేస్తదని రాస్తవు?

2020 జూన్ 5న ఆ మూడు ఆర్డినెన్సులు వచ్చినయి. మనం విత్తనాలకు తిరుగుతున్న దినాలు. రాజ్యసభల సెప్టెంబర్ 20న రెండు బిల్లులు గొడవ నడుమ మూజువాణి ఓటుతోని పాసయినయి. ఓట్లు లెక్కపెట్టమని ప్రతిపక్షం అడిగినా లెక్కపెట్టలే. యార్డు బయట పాన్ కార్డున్న ఎవరైనా కొనొచ్చు అన్నరు. పైసలు ఎగ్గొడితే సివిల్ కోర్టుకు పోరాదు, మన లెక్కల ఆర్డీవో కాడికే పోవాలె. ఒక మండలంల పెట్టి చూసిన్రా? అంతెందుకు, బీహార్‌ల 2006లనే మార్కెట్ కమిటీల చట్టం ఎత్తేసిన్రు. అంటే 14 ఏళ్ళు నడిచిన మడి ఒకటి కండ్ల ముందు ఉండె. అక్కడ వడ్లకు, మక్కలకు ధర పెరిగిందా తగ్గిందా చూసి, ఆ లెక్క మన ముందల పెట్టి చట్టం తేవాలె గద. సుప్రీంకోర్టు 2021 జనవరి 12న ఆపింది. నవంబర్ 29న పార్లమెంటే రద్దు చేసింది, ఆనాడు కూడ చర్చ లేదు. తెచ్చేటప్పుడు వినలే, తీసేటప్పుడు మాట్లాడలే. నీ కంపెనీల ఎవడన్న ఇట్ల ప్రోగ్రాం ఎక్కించి ఇట్లనే పీకేస్తే వాని గురించి ఏమంటవు అల్లుడా?

పన్ను సంగతి. ఇన్‌కం టాక్స్ మనం కట్టం, నిజమే. యూరియా బస్తా మీద 5 శాతం, పురుగుమందు డబ్బా మీద 18 శాతం జీఎస్టీ ఎవరు కడుతున్నరు? మీ కంపెనీ కంప్యూటర్ కొంటే ఆ జీఎస్టీని ఇన్‌పుట్ క్రెడిట్ కింద తిప్పుకుంటది. నాకు ఆ దారి లేదు, మందు డబ్బాల కట్టింది కట్టినట్టే. ఇంకొకటి. సాఫ్ట్‌వేర్ ఎగుమతి చేసే యూనిట్ల లాభాలకు 10ఏ, 10బీ సెక్షన్ల కింద 2011 మార్చి దాక ఆదాయపు పన్ను మినహాయింపు ఉండె. దాన్ని ఎవడూ ఉచితం అనలే, ప్రోత్సాహం అన్నరు. నాకిచ్చే కరెంటు మాత్రం ఉచితం అయ్యింది. మాట మార్చినంత మాత్రాన ఖజానాకు తేడా ఏంది?

అట్లని కరెంటు మీద వాడు చెప్పింది మొత్తం అబద్ధం కాదు. ఈ మాట మనోళ్ళకు చేదుగుంటది. 2004ల ఉచిత కరెంటు వచ్చింది, మనం బతికినం. 2018 జనవరి 1 నుంచి 24 గంటలు ఇచ్చిన్రు. ఆటో స్టార్టర్లు తీసేయమని సర్కారే చెప్పింది. తీసినమా? నేను తీయలే. పక్కోడు గుంజుతడని నేను, నేను గుంజుతనని పక్కోడు. రాత్రంత మోటార్ నడిచి, మడి నిండి వాగుకు పోయింది. ఆ మరుసటి ఎండకాలం నా బోరు ఎండింది, మోటార్ కాలింది. దానికి ఏ సర్కారునూ తిట్టలేను.

అల్లుని డబ్బా పెట్టినంక తెలిసింది, నా బోరు ఒక్క పట్టున ఇచ్చేది మూడున్నర గంటలే అని. నేను పదేండ్ల సంది "మస్తు నీళ్ళున్నయి" అనుకుంటున్న. ఆ నోట్‌బుక్ చూసినంక యాసంగి వరి రెండెకరాల కాడ ఎకరం చేసిన, మిగతాది పల్లి ఏసిన. ఇంటర్ చదివి, యాభై ఏండ్లు దాటినోన్ని, చిన్న పిలగాని లెక్క చూసి నా బుద్ధి మార్చుకున్న. మరి వాడు ఎందుకు మార్చుకోడు? సింఘు, టిక్రీకి వాడు పోలే, నేనూ పోలే. అయితే వాళ్ళు దళారులని నేను రాయలే. బోరు చూడకుంట ప్రోగ్రాం రాయనోడు, మనిషిని చూడకుంట దళారి అని ఎట్ల రాస్తడు?

కొందరు ఫోన్ చేసి "సాఫ్ట్‌వేరోళ్ళకు రాజకీయం ఎందుకే, నోరు మూసుకోమను" అంటున్నరు. నేనట్ల అనను. ఓటున్నోడు మాట్లాడాలె. వాడు మాట్లాడకపోతే మన పాస్‌బుక్కు, మన ఈ-కేవైసీ, మన వేలిముద్ర పడని మిషనూ అన్నీ మనల్ని చూడని ఇంకొకడు రాస్తడు. పొలం తెలిసిన ప్రోగ్రామర్ మనకు దొరుకుడు కష్టం, దొరికినోన్ని తరుముకోవద్దు. ఫార్వర్డ్ మెసేజ్‌లకు దండాలు పెట్టుడు మాత్రం ఆపండి. అర్థం కాకుంటే ఇది యాడ చూసినవురా అని అడగండి.

అల్లుడు ఈ పోస్టు చదువుతడని తెల్సు. బిడ్డా, దసరాకు రా. ఉచిత కరెంటు మీద నీ లెక్క తీసుకొని రా, నా నోట్‌బుక్ నేను తెస్త, బోరు కాడనే కూసుందాం. మీ అత్త సకినాలు చేస్తదట. వచ్చేటప్పుడు ఇంకో రింగు పట్టుకరా, మొన్నటి పిడుగుకు పాతది పోయింది. నాలుగు రోజుల సంది మోటార్ నేనే పోయి ఏస్తున్న.