కట్టడానికి బీమా ఉంటే కూలీకి ఉన్నట్లేనా?

ఎర్రమంజిల్: 2007 సెప్టెంబరు 9, ఆదివారం నాడు ఎర్రమంజిల్ పక్కనే ఉన్న పంజగుట్టలో గామన్ ఇండియా సంస్థ కడుతున్న ఫ్లైఓవరులో ఒక భాగం కూలి రోడ్డుమీద పడింది. పైన పని జరుగుతుండగానే కింద రాకపోకలు సాగుతున్నాయి. వాహనాలు శిథిలాల కింద నలిగాయి. ఇద్దరు మరణించారు. ఆ వంతెన తరువాత పూర్తయింది, నేడు దానిమీద బండ్లు నడుస్తున్నాయి. అయితే ఇలాంటి ప్రమాదంలో నష్టం ఎవరు భరించాలన్న ప్రశ్న పాలమూరు పల్లెల నుండి నగరానికి పనికి వెళ్లే ప్రతి కుటుంబానికీ సంబంధించినదే.

పెద్ద పనులకు కంట్రాక్టర్లు "కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్" అనే పాలసీ తీసుకుంటారు. పేరులో అన్ని ప్రమాదాలూ అని ఉంది గాని లోపల అన్నీ లేవు. సామాను పని స్థలానికి చేరిన నాటి నుండి కట్టడం అప్పగించే దాకా నిప్పు, వరద, గాలివాన, దొంగతనం, కూలిపోవడం వంటి నష్టాలకు ఇది వర్తిస్తుంది. ప్లానులోనే తప్పుంటే బీమా సంస్థ పైసా ఇవ్వదు. నాసిరకం పని వల్ల స్లాబు కూలితే ఆ స్లాబును మళ్లీ వేసే ఖర్చు ఇవ్వదు గాని, అది మీద పడి సరిగా కట్టిన గోడ పగిలితే ఆ గోడకు ఇస్తుంది.

ప్రీమియం తగ్గుతుందని విలువ తక్కువ చూపేవారూ ఉన్నారు. 40 లక్షల కట్టడాన్ని 20 లక్షలకే బీమా చేయిస్తే, 4 లక్షల నష్టానికి వచ్చేది 2 లక్షలే. అందులోనూ యజమాని భరించవలసిన మొదటి వాటా తీసివేస్తారు. డబ్బులేక పని మధ్యలో ఆపేస్తే, ఆపినందువల్ల కలిగిన నష్టానికి పాలసీ వర్తించదు. పల్లెల్లో సగం లేచి నిలిచిపోయిన ఇండ్లు ఎన్ని లేవు!

ఇక మనుషుల సంగతి. పాలసీ రెండవ భాగం దారినపోయే వారికి, పక్కింటి వారికి కలిగిన హానికి, రాసుకున్న పరిమితి వరకు పరిహారం ఇస్తుంది. అదే పనిలో ఉన్న కూలీని మాత్రం ఈ భాగం పరాయి మనిషిగా లెక్కించదు. పరంజా మీది నుండి మేస్త్రీ జారిపడితే ఈ పాలసీ ఆదుకోదు. అతని కోసం కంట్రాక్టరు కార్మికుల నష్టపరిహార పాలసీ విడిగా తీసుకోవాలి. ఒకే దూలం కింద నలిగిన ఇద్దరిలో బాటసారికి ఒక దారి, కూలీకి మరొక దారి. ఈ తేడా పనిలోకి దిగేముందు చెప్పే మేస్త్రీలు అరుదు.

కంట్రాక్టరు బీమా తీసుకోకపోయినా చట్టప్రకారం పరిహారం బాధ్యత తప్పదు. పని సబ్‌కంట్రాక్టుకు ఇచ్చినా, పై వారినే పరిహారం అడగవచ్చు. అయితే ఆ స్థలంలో పనిచేసినట్లు రుజువు కావాలి. మస్టరులో పేరు లేకుండా, మేస్త్రీ చేతిమీదుగా వారం కూలీ తీసుకునేవారికి చిక్కంతా ఇక్కడే. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలి కార్డు వేరు, ఈ పరిహారం వేరు. 18 నుండి 60 ఏండ్ల లోపువారు ఏడాదిలో 90 రోజులు ఇలాంటి పని చేసి ఉంటే ఆ కార్డు పొందవచ్చు. కార్డు ఉన్నదని కంట్రాక్టరు పరిహారం ఎగవేయడానికి వీలులేదు.