పార్కు చూపిస్తామని పడవెక్కిస్తారు

పాపికొండలు నేషనల్ పార్క్ టూర్‌లో ఏం చూశారని వెళ్లొచ్చినవాళ్లని అడిగి చూడండి. పడవ మీద స్టెప్పులేశాం, పొద్దున ఉప్మా పెట్టారు, మధ్యాహ్నం సాంబారన్నం, ఓ గుడి దగ్గర అరగంట ఆపారు, ఫొటోలు బాగా వచ్చాయి అంటారు. మరి అడవి? ఒడ్డున పచ్చగా కనిపించిందిగా అంటారు. మనిషికి వెయ్యి పైచిలుకు తీసుకుని, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తిప్పి, ఒక్క చెట్టు పేరు కూడా చెప్పకుండా దింపేస్తారు. పర్యాటకులు దాన్ని డబ్బు దండగ అనుకుంటే అది వాళ్లిష్టం. మనం మాట్లాడాల్సింది వేరే ఉంది.

మొన్న చలికాలంలో మా మిత్రులం నలుగురం కావాలనే ఆ పడవెక్కాం. ఈ కొండల గురించి బయటివాళ్లకి ఏం చెప్తున్నారో విందామని. గైడ్ కుర్రాడు మైకు పట్టుకుని హుషారుగా ఉన్నాడు. ఫలానా సినిమా పాట ఇక్కడే తీశారు, ఫలానా హీరో ఈ ఒడ్డునే దిగాడు, ఇక్కడ గోదారి లోతు ఇంత. దేవీపట్నం దాటాక రెండు గట్ల మీదా ఖాళీ అయిన ఊళ్లున్న చోట పాట సౌండు పెంచారు తప్ప ఒక్క ముక్క చెప్పలేదు. కొండరెడ్ల గురించి వచ్చింది ఒకే ఒక్క వాక్యం: ఇక్కడ కొండజాతి వాళ్లు ఉండేవారు.

ఉండేవారట! అదే పడవలో వంటపాత్రలు కడుగుతున్న కుర్రాడు ఆ పక్క ఊరి కొండరెడ్డే.

ఆ కుర్ర గైడ్ని తిట్టి లాభం లేదు. అతనికి ఇచ్చిన కాగితంలో ఏముందో అదే చదివాడు. కానీ ఆ 'ఉండేవారు' అన్న మాట ఎలా పుట్టిందో మనకి తెలియాలి. పోలవరం జలాశయం పూర్తి మట్టం 45.72 మీటర్లు. ఆ నీటికి దాదాపు లక్ష కుటుంబాలు ఇళ్లు వదలాలి. 2021లో ఎగువ కాఫర్ డ్యామ్ గోదారికి అడ్డంగా లేచాక దేవీపట్నం మండలంలో ఊళ్లకి ఊళ్లు ముంపులోకి పోయాయి. జనాన్ని పునరావాస కాలనీలకి పంపేశారు, లేదా నీళ్లే తరిమేశాయి. అదే 2021లో నీళ్లెక్కిన గోదారి మీద పర్యాటక బోట్లు మళ్లీ మొదలయ్యాయి, గండిపోచమ్మ నుంచి. ఒకే నది ఒకరికి ముంపు, ఇంకొకరికి విహారయాత్ర. ఆ పడవ ఏ ఊళ్ల మీదుగా పోతోందో ఎక్కినవాళ్లకి చెప్పకపోవడం మర్చిపోయి చేసిన పనేం కాదు. చెప్తే స్టెప్పులు ఆగిపోతాయి.

చెప్పాలనుకుంటే కథలకి కరువా? ఎగువన రేకపల్లి ఉంది. పోడు మీద పన్ను పెంచారని 1879లో ఆ ప్రాంతం తెల్లోడి మీద లేచింది. ఇంటి అవసరానికి గీసుకునే కల్లుకి కూడా పన్నేంటని రంప కొండలు తిరగబడ్డదీ ఆ ఏడాదే. కారం తమ్మన్నదొర పేరు ఆ మైకులో ఎప్పుడైనా వినిపించిందా? ఈ కొండల్ని ఇంగ్లీషువాళ్లు అడవిదున్నల కొండలు అనేవారు. హైమెన్‌డార్ఫ్ ఇక్కడ కొండరెడ్ల మధ్య తిరిగి 1945లో పెద్ద పుస్తకమే వేశాడు. ఇదంతా వద్దు, కనీసం జీలుగు చెట్టు చూపించి ఇది జీలుగు అని చెప్పొచ్చు కదా. వెదురు పూలు అమ్మే పేరంటపల్లి ఆడవాళ్ల దగ్గర ఓ గంట కూర్చోబెట్టొచ్చు కదా. ఆ అరగంటలో గుడి దర్శనం పోగా బేరాలకి మిగిలేది పది నిమిషాలు. సైరన్ కొట్టగానే ఇరవై రూపాయలు తగ్గించమని గీసిగీసి బేరమాడి పరిగెత్తుతారు.

ఇక పార్కు సంగతి. 1978లో అభయారణ్యం అన్నారు, 2008లో నేషనల్ పార్క్ చేశారు. వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైగా. వన్యప్రాణి చట్టం ప్రకారం నేషనల్ పార్కులో పశువుల్ని మేపకూడదు. పోడు సంగతి చెప్పక్కర్లేదు, గొడ్డలి భుజాన కనిపిస్తే చాలు ప్రశ్నలు మొదలు. ఆ అడవి అంచునే గోదారి మీద గుండెలదిరే సౌండ్ బాక్సులతో పడవలు వరసగా పోతుంటే మాత్రం జంతువులకి ఇబ్బంది లేదు కాబోలు! మేకలు అరిస్తే అడవి చెడుతుంది, డీజే మోగితే చెడదు.

అటవీ హక్కుల చట్టం 2006 ఏం చెప్తుందో ఈ పేజీ చదివేవాళ్లలో చాలామందికి తెలుసు, అయినా మళ్లీ చెప్పుకోవాలి. అటవీ భూమి అంటే అభయారణ్యాలు, నేషనల్ పార్కులు కూడా అని ఆ చట్టం రెండో సెక్షన్లోనే రాసుంది. పార్కు అయినంత మాత్రాన హక్కు పోదు. హక్కుల గుర్తింపు పూర్తయ్యేదాకా ఎవర్నీ ఖాళీ చేయించకూడదు. కొండరెడ్ల లాంటి ఆదిమ తెగలకి అయితే ఆవాస హక్కు అని ప్రత్యేకంగా ఉంది. అంటే ఒక్క ఇల్లు, ఒక్క పొలం కాదు, తాతల నాటి నుంచి తిరిగిన కొండ, వాగు, దేవుడి చోటు మొత్తం. మధ్యప్రదేశ్‌లో బైగాలు సాధించుకున్నారు కూడా.

ఇంకో చిక్కుంది, దీని మీద మనలో చర్చ తక్కువ. ఒడ్డున రిసార్ట్ కట్టాలంటే బయటివాడికి 1/70 అడ్డం వస్తుంది, భూమి కొనలేడు. పడవకి భూమి అక్కర్లేదు. నీళ్ల మీద వ్యాపారం, నీళ్ల మీదే భోజనం, నీళ్ల మీదే డాన్సు. పెసా చట్టం పంచాయతీకి ఇచ్చిందేమో చిన్న నీటి వనరుల మీద అధికారం. గోదారి చిన్నదా? అలా మన కొండని, మన గుడిని, మన ఊరి పేరుని చూపించి డబ్బు చేసుకునే వ్యాపారంలో గ్రామసభ ఊసే లేకుండా పోయింది. భూమి దగ్గర మూసిన తలుపు నీటి దగ్గర బార్లా తెరిచి ఉంది.

గోదారి మీద ప్రమాదాలు గుర్తు తెచ్చుకోండి. 2018 మే 15న మంటూరు దగ్గర లాంచీ మునిగింది. కొండమొదలుకీ రాజమండ్రికీ తిరిగే మామూలు లాంచీ, అందులో పోయింది ఎక్కువ మన ఆదివాసులే. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగింది. 77 మందిలో బతికింది 26 మంది. వరద గోదాట్లో చిన్న నాటుపడవలు వేసుకెళ్లి వాళ్లని ఒడ్డుకి చేర్చింది ఒడ్డున ఉన్న మన ఊళ్లవాళ్లే. సుడి ఎక్కడ తిరుగుతుందో, ఏ వరదలో పడవ తియ్యకూడదో వాళ్లకి తెలుసు. ప్రమాదం రోజు పనికొచ్చిన ఆ తెలివి లైసెన్సులిచ్చే రోజు ఎవరికీ గుర్తురాదు.

ఇంకోలా జరగదా అంటే పక్కనే బస్తర్ ఉంది, చూసి రండి. కాంగేర్ లోయ నేషనల్ పార్కులో ధుడ్‌మారాస్ అనే ఊళ్లో కుర్రాళ్లే కాంగేర్ వాగు మీద వెదురు తెప్పలు నడుపుతున్నారు, ఇళ్లల్లోనే అతిథుల్ని పెట్టుకుని ఇంటి తిండి పెడుతున్నారు. 2024లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఆ ఊరిని ఉత్తమ పర్యాటక గ్రామాల పథకంలో మెరుగుపరిచే ఊళ్ల జాబితాలోకి తీసుకుంది. అదే పార్కులోని గుడియాపదర్‌కి 2023లో సామూహిక అటవీ వనరుల హక్కు పత్రం వచ్చింది. నేషనల్ పార్కులో హక్కులా, కుదరవు అనే ఆఫీసర్‌కి ఈ రెండు ఊళ్ల పేర్లు చెప్పండి. అక్కడంతా బాగుందని కాదు, బస్తర్ కష్టాలు బస్తర్‌కి ఉన్నాయి. కానీ తెప్ప ఎవరిదో, తెడ్డు ఎవరి చేతిలో ఉందో అక్కడ తేడా కనిపిస్తుంది.

టూరిజం వల్ల మన పిల్లలకి పనులొస్తున్నాయి కదా అని మనవాళ్లే కొందరు అంటున్నారు. వస్తున్నాయి, కాదనను. పాత్రలు కడిగే పని, తాడు లాగే పని, లగేజీ మోసే పని. సీజన్ అయితే అదీ లేదు. మైకు మాత్రం ఇంతవరకు మన చేతికి రాలేదు. డిగ్రీ చదివి, రెండు భాషలొచ్చి, ఏ వాగు ఎక్కడ పుట్టిందో చెప్పగలిగే కొండరెడ్డి పిల్లలు రంపచోడవరంలో ఖాళీగా తిరుగుతున్నారు.

వానలు తగ్గాక బోట్లు మళ్లీ మొదలవుతాయి. ఈలోపు ఒడ్డు ఊళ్లూ, పునరావాస కాలనీలకి పోయిన ఊళ్లూ గ్రామసభలు పెట్టుకోవాలి. వనరుల హక్కుకి ఫారం-సి నింపి అటవీ హక్కుల కమిటీతో రశీదు తీసుకోండి, ఆవాస హక్కు కావాలని జిల్లా కమిటీకి తీర్మానం పంపండి. ఊళ్లో పడవ ఆపాలంటే ఊరి అనుమతి, టికెట్‌లో ఊరికి వాటా, గైడ్‌గా ఆ ఊరి మనిషి: ఈ మూడూ అదే తీర్మానంలో రాయండి. తీర్మానం కాపీ ఫొటో తీసి ఈ పేజీకి పంపితే మిగతా ఊళ్లవాళ్లు చూసి రాసుకుంటారు.