చేతిపని పెట్టిన అన్నం

మా అన్నయ్య కూతురు చిత్రలేఖనమే చదువుతానని పట్టుబట్టింది. "బొమ్మలు అన్నం పెడతాయటే?" అని అన్నయ్య కసురుకున్నాడు. తండ్రీ కూతుళ్ళకు మాటలు తగ్గిపోయినవి. వదిన నాతో మొర పెట్టుకున్నది. నాకు తోచిన ఉపాయం ఒకటే. ఒక ఆదివారంనాడు ఇద్దరినీ వెంటబెట్టుకొని, మహాబలిపురం పోయే దారిలో, ఈంజంబాక్కం వద్దనున్న చోళమండలం తీసుకొని వెళ్ళాను.

అది కళాకారుల గ్రామం. మద్రాసు ప్రభుత్వ చిత్రకళా పాఠశాల ప్రిన్సిపాలుగా ఉండిన కె. సి. ఎస్. పణిక్కర్ గారు, శిష్యులతో కలిసి 1966లో నెలకొల్పినది. ఆ రోజుల్లో కొత్త తరహా చిత్రాలు కొనే వారు అరుదు. అందుచేత వారంతా సంఘంగా చేరి బాతిక్ గుడ్డలవంటి చేతిపనులు చేసి అమ్మారు. ఆ రాబడితోనే సముద్రతీరాన నేల కొన్నారు. తొలినాటి వారిలో మన తెలుగువారు రెడ్డప్ప నాయుడు గారు కూడా ఉన్నారు.

బాతిక్ అంటే మరేమీ లేదు. రంగు అంటకూడని చోట గుడ్డకు కరిగిన మైనం పూసి, రంగునీళ్ళలో ముంచుతారు. మైనం బీటలు వారిన చోట రంగు దూరి సన్నని ఈనెలవలె గీతలు పడతాయి. ఆ గీతలు ఏ రెండు గుడ్డలమీదా ఒక్కలా ఉండవు.

అక్కడి చిత్రశాలలో పణిక్కర్ గారి చిత్రం ముందు అన్నయ్య ఆగిపోయాడు. 1963 నుంచి ఆయన అక్షరాలూ, సంకేతాలూ నింపి వేసిన చిత్రాలు జాతకచక్రాలను తలపిస్తాయి. పంచాంగం చూడనిదే గడప దాటని అన్నయ్యకు అది పరాయిగా తోచలేదు. పిల్ల మాత్రం పణిక్కర్ గారి కుమారుడు నందగోపాల్ రాగి, ఇత్తడి రేకులు అతికి చేసిన శిల్పాన్ని వదలి రానన్నది.

తిరుగు ప్రయాణంలో అన్నయ్య చాలాసేపు మాట్లాడలేదు. అడయారు దాటిన తరువాత కూతురివైపు తిరిగి, "ఆ మైనం ఎక్కడ అమ్ముతారే?" అన్నాడు.

మీ ఇంట్లోనూ గోడలమీద గీసే పిల్లలు ఉండే ఉంటారు. అన్నం మాట అడగండి, తప్పులేదు. చోళమండలం వారికీ ఆ చింత ఉండినదే. వారు జవాబు చేతులతో వెతుక్కున్నారు. ఆ వెతుకులాటకు పిల్లలకు కొంచెం వ్యవధి ఇవ్వండి.