డీజే ఆగింది సరే, డప్పు ఎవరు కొట్టాలి?

2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. ఇక మన సంప్రదాయ వాద్యాలు మళ్లీ వీధుల్లోకి రావాలని పలువురు ముచ్చటపడ్డారు. నిషేధాన్ని నేనూ స్వాగతించాను. కానీ డప్పు తిరిగి రావాలనే వారెవరూ దాన్ని ఎవరు కొట్టాలో, ఏ హోదాతో కొట్టాలో చెప్పడం లేదు.

ఈ నగర వీధి సంగీతం శ్రమజీవులు పెట్టిన భిక్ష. నిజాం కొలువుకు వచ్చి ఏసీ గార్డ్స్‌లో స్థిరపడిన ఆఫ్రికా సంతతి సిద్దీలు మర్ఫాను పెళ్లి బరాత్‌లకు అందించారు. పల్లెల నుంచి వలస వచ్చిన మాదిగ కుటుంబాలు బోనాలకూ చావులకూ డప్పును తెచ్చాయి. తీన్మార్ దెబ్బకు అన్ని కులాల వారూ చిందేశారు. ఆడేవారికి కులం అడ్డు రాలేదు. కొట్టేవారిని మాత్రం వదలలేదు. తర్వాత డీజే బండి వచ్చింది. పదిమంది దళం చేసే పనిని ఒక్క ఆపరేటర్‌తో ముగించింది. సిర్ర, చిటికెన పుల్ల పట్టిన చేతులు ఆటో హ్యాండిల్ పట్టాయి.

దీన్ని నష్టమనాలా? ఇక్కడే నాకు తడబాటు. ఊళ్లో డప్పు కళగా కాదు, వెట్టిగా బతికింది. చాటింపుకూ శవయాత్రకూ కొట్టనంటే దండన తప్పేది కాదు. 1927లో మహద్‌లో అంబేడ్కర్ చచ్చిన పశువుల మాంసం మానమన్నప్పుడు ఆ పిలుపు కులం అంటగట్టిన హీనత మొత్తానికీ వర్తించింది. మరోవైపు, 1994లో మొదలైన మాదిగ ఉద్యమం దండోరా అనే పేరునే జెండాగా ఎత్తుకుంది. ఈ రెండూ ఆత్మగౌరవ మార్గాలే.

కొన్నేళ్ల క్రితం మా విభాగం వార్షికోత్సవంలో డప్పు వాయించమని ఒక విద్యార్థిని అడిగాను. అతనికి వచ్చో రాదో కూడా కనుక్కోలేదు. తన తండ్రి ఆ పని మానడానికే ఊరు విడిచి వచ్చాడని మెల్లగా చెప్పి వెళ్లిపోయాడు. అదే రోజు మృదంగానికి మాత్రం పారితోషికం మాట్లాడుకుని, కారు పంపి ఒక విద్వాంసుణ్ణి పిలిచాం. మృదంగం మూతలోనూ పశుచర్మమే ఉంది. ఆ చర్మాన్ని శుద్ధి చేసి బిగించే దళిత కుటుంబాల గురించి టి.ఎం. కృష్ణ 2020లో ‘సెబాస్టియన్ అండ్ సన్స్’ అనే పుస్తకమే రాశారు. తోలు ఒకటే అయినా ఒకరు విద్వాంసుడయ్యారు, మరొకరు ‘డప్పు కొట్టేవాడు’గా మిగిలారు.

కనుక డీజే ఖాళీ చేసిన చోటును తక్కువ ఖర్చుతో నింపే సాధనంగా డప్పును పిలిస్తే అది పాత వెట్టికి కొత్త ముస్తాబు మాత్రమే. ఉత్సవ కమిటీలు దళంతో రాతపూర్వక ఒప్పందం చేసుకోవాలి. గంటల లెక్కన ముందే ధర నిర్ణయించాలి. కల్లుకూ చిల్లరకూ సరిపెట్టే అలవాటు పోవాలి. డిగ్రీ లేకున్నా నైపుణ్యమున్నవారు ‘ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్’గా బోధించవచ్చని యూజీసీ 2022లోనే మార్గదర్శకాలిచ్చింది. ఆ కుర్చీ పరిశ్రమల పెద్దలకే ఎందుకు? అక్షరం రాని డప్పు గురువును అందులో కూర్చోబెట్టమని మా విభాగంలో ప్రతిపాదిస్తున్నాను. ఆ తరగతిలో ముందు వరుస మాదిగేతర విద్యార్థులది కావాలి.