మోటారు పగ్గము లెవరిచేత?

మడకశిర సీమలో మోటారనగా బోరుబావి మోటారే. వాన లరుదైన యీ మెట్టనేలలో రైతు బ్రదుకు దానిపై నాధారపడి యున్నది. విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులు చేయుచుండగా, రెండు ధ్రువముల మోటారు నిమిషమునకు 3000 చుట్లకు కొంచెము తక్కువగా తిరుగును. ఆ వేగమును మార్చుట రైతునకు వశము గాదు. సౌరవిద్యుత్తు పంపుసెట్లు వచ్చిన పిమ్మట నీ స్థితి మారినది. ఎండ ననుసరించి ఆవృత్తులను మార్చు పెట్టె యొకటి వానికి గలదు. ఎండ హెచ్చిన మోటారు వేగము హెచ్చును. మబ్బు పట్టిన తగ్గును.

హైబ్రిడ్ కారునకును మూలసూత్ర మిదియే. ఇన్వర్టరను పెట్టె ట్రాన్సిస్టర్లను సెకనుకు వేలమార్లు తెరచి మూయుచు, బ్యాటరీ విద్యుత్తును మూడు ఫేజుల విద్యుత్తుగా మార్చి, దాని పరిమాణమును, ఆవృత్తులను నిర్ణయించును. వెనుకటి ట్రాములలో వేగమును అదుపు చేయుటకై విద్యుత్తును వేడిగా వృథాచేసెడివారు. ఇందు బ్రేకు వేసినప్పుడు మోటారే జనరేటరై శక్తిని బ్యాటరీకి మరల నిచ్చును. 1997లో జపానులో వెలువడిన టొయోటా ప్రియస్ కారులో నింజనును రెండు మోటార్లును పండ్లచక్రములచే కలుపబడినవి. ఒక మోటారు వేగమును సవరించినచో, కారు వేగ మెట్లున్నను, ఇంజనును పెట్రోలు తక్కువగా త్రాగు వేగమున నిలుపవచ్చును. ముడిచమురులో నూటికి 85 పాళ్లకు పైగా విదేశములనుండి తెచ్చుకొను దేశమున కిది స్వల్పవిషయము గాదు.

ఇట్టి వాహనములు మనకు దూరము గావు. బెంగుళూరు చెంత బిడదిలో 2022 మొదలు ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్ తయారగుచున్నది. మన పొరుగున పెనుకొండ చెంత ఎర్రమంచిలో 2019లో కార్లు తయారుచేయ నారంభించిన కియా కర్మాగారమునుండి 2025లో విద్యుత్ కారును వెలువడినది. బోరుమోటారు కాలినచో వైండింగు కట్టు మేస్త్రీ మన యూళ్లలో గలడు. ఇన్వర్టరు చెడినచో దానిని విప్పి చూడగలవా డెచట? పెట్టెను విప్పు విద్య మనవారికి రాదు; విప్పినను లోని సాఫ్ట్‌వేరునకు తాళము. అందు ప్రాణాంతకమైన వోల్టేజి యున్నది గనుక పరులు ముట్టరాదని కొంద రందురు. ప్రమాదము నిజమే. కాని ప్రమాదమునకు మందు శిక్షణమే గాని నిషేధము గాదు.

2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖ మరమ్మతు హక్కును విచారించుటకు సంఘమును నియమించి, మోటారు వాహనములను గూడ నందు చేర్చినది. ఆ యేట డిసెంబరులో నొక పోర్టలును తెరచినది. మంచిదే. కాని శాసనబలము లేని హక్కు కోర్టు గుమ్మము దాటజాలదు. శిక్షణ పొందిన మేస్త్రీకి లోపములను కనుగొను వివరములను, న్యాయమైన వెలకు విడిభాగములను కంపెనీ లీయవలయునని చట్టము చేయుట ప్రభుత్వముయొక్క ప్రథమ కర్తవ్యము.

రెండవ కర్తవ్యము మన విద్యాసంస్థలది. 1946లో ఇంజనీరింగు కళాశాలగా ప్రారంభమై నేడు విశ్వవిద్యాలయమైన అనంతపురపు సంస్థ మొదలు ఐ.టి.ఐ.ల వరకు, ఈ పెట్టెను బల్లపై పెట్టి, విప్పి, బిగించి నేర్పవలయును. కర్మాగారములో మర బిగించు కూలి దొరకినంతనే మన యువకుల భాగ్యము పండిన దనుకొనరాదు. పగ్గము పట్ట నేర్వనివాడు బండిలో కూర్చుండవచ్చును గాని బండి నేలజాలడు.